ఏ గుంపో చెప్పకూడదు

ఆసుపత్రివాళ్ళు ఉత్తరంలో మూడు సంగతులు రాశారు. పిల్లని ముందురోజు బాగా నిద్రపోనివ్వండి. పొద్దున కడుపునిండా పెట్టి తీసుకురండి. పరీక్ష కోసమని ప్రత్యేకంగా ఏమీ నేర్పకండి.

మొదటి రెండూ ఆ తల్లి చేతిలో లేకపోయాయి. పిల్ల మంచమ్మీద గెంతీ గెంతీ ఎప్పటికో నిద్రపోయింది, పొద్దున రెండు ముద్దలకే మూతి తిప్పుకుంది. మూడోది ఒక్కటే ఆమె చేతిలో ఉంది. దాన్ని ఆమె దగ్గరుండి మరీ తగలేసింది. మూడు వారాలుగా రంగులు, ఆకారాలు, అంకెలు, జంతువులు. కనబడ్డ ప్రతి బొమ్మా చూపించి ఇదేంటి, అదేంటి అని ఐదేళ్ళ పిల్ల ప్రాణం తోడేసింది. ఆసుపత్రి రెండో అంతస్తులో, తలుపు మీద నవ్వుతున్న సూర్యుడి బొమ్మ అతికించిన గది బయట కూర్చుని కూడా వదల్లేదు.

"చతురస్రానికి ఎన్ని మూలలే?"

"నాలుగు."

"త్రిభుజానికి?"

"అమ్మా, నాకు ఒంటికొస్తోంది."

"మూడు అని చెప్పి వెళ్ళు."

పక్కనే కూర్చున్న అత్తగారు కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. "అమ్మాయ్, దాన్ని వదులు. ఇంకాసేపు బిగపట్టిస్తే నేర్చుకున్నవన్నీ దాంతో పాటే పోతాయి."

అత్తగారు పిల్లని తీసుకుని వెళ్ళాక ఆ తల్లి ఒక్కతే కూర్చుని తలుపు మీది సూర్యుణ్ణి చూసింది. సూర్యుడికి ఒక పంటి దగ్గర కాగితం చిరిగింది. ఇదేదో అపశకునం అనుకుంది.

ఆమె అంతే. ఫోను మోగితే ఎవరికో ప్రమాదం జరిగిందనుకుంటుంది. మోగకపోతే ఫోనుతో సహా జరిగిందనుకుంటుంది. పదో తరగతితో చదువు ఆపి, స్కూలు యూనిఫారాలు కుట్టే దుకాణంలో చొక్కాలకి కాజాలు వేసే పనిలో చేరింది. పన్నెండేళ్ళలో ఆమె వేసిన కాజా ఒక్కటీ చిరగలేదు. అయినా ప్రతి సాయంత్రం, ఇవాళ్టివన్నీ రేపు బడిలో పిల్లల ఒంటి మీదే చిరుగుతాయని దిగులు పడుతూనే ఇంటికొస్తుంది.

ఈ పిల్ల కడుపులో ఉండగా ఆమెకి బీపీ ఉంది. మరీ ఎక్కువ కాదు, కాస్త. గర్భిణికి బీపీ కాస్తే ఎక్కువైతే అప్పుడే మాత్ర మొదలుపెట్టాలా, బాగా పెరిగేదాకా ఆగి చూడొచ్చా అన్నది ఆ రోజుల్లో డాక్టర్ల మధ్యే తెగని పంచాయితీ. అందుకని ఈ ఆసుపత్రివాళ్ళు, సరేనన్న గర్భిణులని చీటీలు తీసినట్టు కంప్యూటరు చేత రెండు గుంపులు చేయించారు. ఒక గుంపుకి బీపీ నూట నలభై దాటగానే మాత్రలు. రెండో గుంపుకి మరీ పైకెక్కితేనే మాత్రలు. ఆమెకి మాత్రల గుంపు వచ్చింది. ఐదున్నర నెలలు వేళ తప్పకుండా మింగింది. కాన్పు కష్టం లేకుండానే అయింది. పిల్ల ఏడ్చింది, పాలు తాగింది, సమయానికి నడిచింది. మాటలు మాత్రం రాలేదు.

మూడేళ్ళు నిండేదాకా ఆ పిల్ల నోట 'అమ్మ', 'ఇయ్యి' తప్ప మూడో మాట లేదు. వాళ్ళ నాన్న దానికి మౌనమ్మ అని పేరు పెట్టాడు. తరవాత ఒక ఆదివారం పొద్దున నోరు తెరిచింది, రెండేళ్ళుగా ముయ్యలేదు. పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. అందరూ దాన్ని నవ్వులాటగా తీసుకున్నారు. తల్లి తీసుకోలేదు. ఎందుకంటే దుకాణంలో ఇస్త్రీ అక్క ఒకరోజు ఇస్త్రీపెట్టె నిలబెట్టి, చాలా ప్రేమగా ఒక మాట అంది. "బీపీ మాత్రలన్నావుగా? అవి రక్తాన్ని నెమ్మది చేస్తాయి. కడుపులో బిడ్డకీ అదే రక్తం కదమ్మా. దాని బుర్ర కూడా నెమ్మదిస్తుంది మరి."

ఆ మాట చెవిలో పడ్డ ఈగలా లోపలే తిరుగుతూ ఉంది.

ఇప్పుడు ఆ రెండు గుంపుల తల్లుల పిల్లలకీ ఐదేళ్ళు వచ్చాయి. ఒక్కొక్కరినే పిలిచి, మాట ఎలా ఉంది, చూపు ఎలా ఉంది, బుద్ధి ఎలా ఎదిగింది అని పరీక్షలు చేస్తున్నారు. రాకపోయినా ఎవరూ అడగరు. ఆమె ముందుగా వచ్చి కూర్చోడానికి వేరే కారణం ఉంది. ఆ కారణం ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆమెకి మళ్ళీ ఐదో నెల, అది అందరికీ తెలిసిందే. మళ్ళీ బీపీ. మళ్ళీ అవే మాత్రలు రాశారు. మూడు వారాలుగా ఆమె రోజూ పొద్దున, రాత్రి, అట్టలోంచి ఒక మాత్ర తీసి, బేసిన్‌లో వేసి, నీళ్ళు వదిలేస్తోంది. అత్తగారు అట్ట చూస్తే లెక్క సరిపోవాలిగా! ఇవాళ పిల్లకి పరీక్ష చేసి బుర్రకి ఏమీ కాలేదని చెప్తే మింగుతుంది. అయిందని చెప్తే చచ్చినా మింగదు. ఇవాళ తేలిపోవాలి.

తలుపు తెరుచుకుంది. జుట్టుముడిలో పెన్సిలు గుచ్చుకున్న ఒకావిడ బయటికొచ్చి నవ్వింది. పిల్లలకి పరీక్ష చేసేది ఈవిడే. అప్పటికే తిరిగొచ్చిన మౌనమ్మ ఆవిడని ఎగాదిగా చూసి, "నీ తలలో పెన్సిలుంది, తెలుసా?" అంది.

"తెలుసు. అక్కడే దాచుకుంటాను," అంది పెన్సిలు మేడమ్. తరవాత తల్లి వైపు తిరిగింది. "లోపలికి వచ్చే ముందు ఒక్క మాటమ్మా. మీరప్పుడు ఏ గుంపులో ఉన్నారో నాకు చెప్పకూడదు. మాత్రలు వేసుకున్నారా, లేదా, ఆ మాటే ఎత్తకూడదు."

"అదేంటి మేడమ్? అది చెప్పకపోతే మీరు ఏం చూస్తారు? నేనసలు వచ్చిందే ఆ మా..."

"అమ్మా!" ఆవిడ రెండు చేతులూ చెవులకి అడ్డం పెట్టుకుంది. "అదే వద్దంటున్నది. నాకు తెలిస్తే, తెలియకుండానే నా చెయ్యి ఒక పక్కకి మొగ్గుతుంది. సరైన జవాబుని తప్పంటాను, లేదా జాలిపడి తప్పుని సరే అంటాను. నాకు తెలియకపోతేనే పరీక్షకి విలువ."

"మరి నాకెవరు చెప్తారు?"

"ఏమని?"

"అదే, దీని బుర్ర... ఆ మా... ఆ వాటి వల్ల..."

"అమ్మా!"

అత్తగారు కోడలి మోచెయ్యి పట్టుకుని లోపలికి తోసింది. "నడువు. నువ్వు మీద బల్లి పడ్డట్టు అరుస్తుంటే పాపం ఆవిడ చెవుల మీంచి చేతులెప్పుడు తియ్యాలో తెలీక చస్తోంది."

గదిలో పొట్టి బల్ల, రెండు పొట్టి కుర్చీలు. మూలగా గోడవారన పెద్దవాళ్ళకి రెండు కుర్చీలు. అక్కడ కూర్చోవాలి, మాట్లాడకూడదు, తల ఊపకూడదు, పెదవులు కదపకూడదు. ఆ తల్లికి ఇదంతా తన కాళ్ళూ చేతులూ కట్టేసి ఏట్లో పడ్డ బిడ్డని చూడమన్నట్టుంది.

"నీ పేరేంటి?" అంది పెన్సిలు మేడమ్.

"ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ," అంది మౌనమ్మ.

"మంచి పేరే. ఎవరు నేర్పారు?"

"అమ్మ. చెప్పొద్దంది."

అత్తగారు చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెన్సిలు మేడమ్ కాగితం మీద ఏదో రాసింది. ఏం రాసిందో! 'తల్లి దొంగ' అని రాసిందేమోనని ఈమె మెడ చాచింది. కనబడలేదు.

చెక్కముక్కలు పేర్చమంటే పిల్ల చకచకా పేర్చింది. గీత గీయమంటే గీసింది. ఒక కథ చెప్పి మళ్ళీ చెప్పమంటే, ఆ కథ చెప్పి, దాని తరవాత ఏం జరిగిందో కూడా తనే కల్పించి, పెన్సిలు మేడమ్ ఇక చాలనేదాకా చెప్పింది. ఆ తల్లి ఊపిరి పీల్చుకోవచ్చు. పీల్చుకోలేదు. బాగా చేసినప్పుడల్లా ఇది తేలికదేమోలే, అసలు కష్టం ముందుందనుకుంది.

అప్పుడు కుర్చీ బొమ్మ వచ్చింది. ఒక కాలు లేని కుర్చీ.

"ఈ బొమ్మలో ఏం లేదో చెప్పు."

మౌనమ్మ బొమ్మని తిప్పి చూసింది. తిరగేసి చూసింది. తల్లి కుర్చీ అంచుకి జరిగింది. ఇంట్లో ఇలాంటివి ఇరవై చూపించింది. చెవి లేని కుందేలు, చక్రం లేని బండి. కాలు, కాలు, కాలే తల్లీ.

"కూర్చునేవాళ్ళు లేరు," అంది మౌనమ్మ.

పెన్సిలు మేడమ్ మొహంలో ఏమీ కదల్లేదు. రాసుకుంది. ఇంకో బొమ్మ తీసింది. పిడి లేని తలుపు.

"ఇందులో?"

"ఇంట్లోవాళ్ళు లేరు. బయటికెళ్ళారు."

అంతే, తల్లికి తేలిపోయింది. ఇస్త్రీ అక్క చెప్పింది అక్షరాలా నిజం. పిల్ల కంటికి కుర్చీ కాలు లేదన్నది కనబడటం లేదు. ఉన్నది చూడలేని బుర్ర, లేనిది ఊహించే బుర్ర. ఆమె ఎప్పుడు లేచి నిలబడిందో ఆమెకే తెలియదు.

"అయిపోయింది! నేనే చేశాను మేడమ్, నా చేతులారా నేనే చేశాను! ఐదున్నర నెలలు ఒక్క పూట మానకుండా ఆ మాత్రలు మింగాను!"

మౌనమ్మ తల తిప్పి, "ఏ మాత్రలు?" అంది.

పెన్సిలు మేడమ్ చెవులు మూసుకోడానికి చేతులెత్తింది గానీ, సగంలోనే దించేసింది. ఇంక మూసి లాభం ఏముంది? చేతిలో పెన్సిలు బల్ల మీద పెట్టి, కళ్ళు మూసుకుని, ముక్కుతో పెద్దగా గాలి వదిలింది. సొరుగులోంచి ఒక పసుపుపచ్చ కాగితం తీసి, టైము చూసి, దాని మీద రెండు వాక్యాలు రాసి, సంతకం పెట్టింది.

"పరీక్ష ఆపేస్తున్నాను. మిగతాది నేను చెయ్యకూడదు. పక్క భవనంలోంచి ఇంకొకావిడ రావాలి. ఆవిడ భోజనానికి వెళ్ళారు, రెండింటికి వస్తారు." తలుపు దగ్గర ఆగి, చాలా అలిసిపోయిన గొంతుతో అంది. "పొద్దున్నుంచి ఇది రెండోది."

వరండాలో అత్తగారు నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది. "శభాష్. నోటికి తాళం వెయ్యమంటే తలుపే పీకి చేతిలో పెట్టావు. రెండు గంటలదాకా ఈ కుర్చీలో కూర్చుంటే నా నడుం నాకు మిగలదు. అసలు దానికేమైందే? కుర్చీలో కూర్చునేవాళ్ళు లేరంది. లేరు కదా మరి!"

"కాలు లేదత్తయ్యా. కాలు!"

"కాలు లేని కుర్చీలో కూర్చునేవాళ్ళు ఎలా ఉంటారు? నా మనవరాలు నీకంటే రెండడుగులు ముందే ఉంది."

తల్లి వినిపించుకోలేదు. పరీక్షలో బొమ్మకి జవాబు ఒకటే ఉంటుంది, అత్తగారు ఇచ్చే మార్కులు ఎక్కడా చెల్లవు.

అంతలో రిజిస్టరు పట్టుకుని ఒక నర్సు వచ్చి, పిల్లల పని ఎలాగూ ఆగింది గనక తల్లిగారి కొలతలు తీసుకుంటానంది. బరువు, బీపీ. రాసుకోడానికేనట. తల్లి కుర్చీలో వెనక్కి జరిగింది. ఇది ఉత్తరంలో లేదే! ఉండే ఉంటుంది, రెండో పేజీలో. రెండో పేజీ ఆమె చదవలేదు, మొదటి పేజీలోనే భయం చాలినంత దొరికింది.

"ఇప్పుడొద్దు సిస్టర్, నాకు కంగారుగా ఉంది, ఎక్కువ చూపిస్తుంది."

"ఐదు నిమిషాలు కూర్చోండి, కంగారు తగ్గాకే చూస్తాను."

ఐదు నిమిషాలూ ఆమె కంగారు పడింది. నర్సు చేతికి పట్టీ చుట్టి, యంత్రం మీద మీట నొక్కింది. పట్టీ బిగుసుకుంది, వదిలింది. నర్సు అంకెలు చూసి, ఏమీ అనకుండా రెండో చేతికి చుట్టింది. మళ్ళీ చూసింది.

"నూట యాభై తొమ్మిది, నూట రెండు. ఎన్నో నెల?"

"ఐదు."

"మాత్రలు రాయలేదా ఎవరూ?"

"రాయకపోవడమేంటి?" అత్తగారు అందుకుంది. "రెండు పూటలా వేసుకుంటోంది. అట్ట నేనే చూస్తున్నాను. నిన్న రాత్రితో రెండో అట్ట అయిపోయింది."

నర్సు తల్లి వైపు చూసింది. అత్తగారూ చూసింది. మౌనమ్మ కూడా చూసింది, తరవాత ఎంతో సాయం చేస్తున్నట్టుగా చెప్పింది. "అమ్మ వాటిని బేసిన్‌లో వేస్తుంది నానమ్మా. గుడుగుడుమని కిందికెళ్తాయి. ఒకరోజు నన్ను కూడా వెయ్యనిచ్చింది."

అత్తగారి కోపం ఇంట్లోవాళ్ళందరికీ తెలిసినదే. అరుస్తుంది, చేట విసురుతుంది, అరగంటలో చల్లారుతుంది. ఈసారి అరవలేదు. కళ్ళజోడు సర్దుకుని, కోడలి మొహంలోకి వంగి చూసింది.

"మూడు వారాలా?"

"ఆఁ."

"రోజూ పొద్దున వేసుకున్నావా అని అడిగాను. వేసుకున్నానన్నావు."

"ఇస్త్రీ అక్క చెప్పింది అత్తయ్యా..."

"కందకి లేని దురద కత్తిపీటకెందుకు? దాని పని ఇస్త్రీ చెయ్యడం. నీ బుర్రలో మడతలన్నీ అదే వేసి పెట్టిందన్నమాట." ఆవిడ కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకుంది. "ఇరవై ఏళ్ళుగా మింగుతున్నానే నేను. మా అక్క మింగకే పోయింది. నాలుగో కాన్పులో, ఫిట్స్ వచ్చి. నీకు చెప్పలేదు, చెప్తే నువ్వు అసలే పిరికిదానివని చెప్పలేదు."

నర్సు మధ్యలో దూరి, ఇద్దరూ ఇలా మాట్లాడుకుంటే ఈ బీపీ సాయంత్రానికి కూడా దిగదనీ, పెద్ద డాక్టరమ్మకి కబురు పెట్టాననీ, ఈలోగా పక్కగదిలో పావుగంట ఎడంపక్కకి ఒరిగి పడుకోవాలనీ చెప్పింది. అత్తగారు మనవరాలిని చంకనేసుకుని వెనక్కి చూడకుండా వరండా చివరికి నడిచింది. ఐదేళ్ళ పిల్లని ఎత్తుకోగలిగే నడుం కాదది. ఆ కోపంలో ఎత్తేసింది.

పక్కగదిలో రెండు మంచాలున్నాయి. ఒకదాని మీద ఇంకొకామె కాళ్ళు చాపుకుని కూర్చుని సంచీలోంచి బిస్కెట్లు తింటోంది. కింద చాప మీద కళ్ళజోడు పెట్టుకున్న ఒక పాప రంగుపెన్సిళ్ళు వరసగా పేర్చుకుంటోంది.

"రండి. మిమ్మల్ని కూడా బయటికి గెంటారా?" అందామె.

"అంటే?"

"పొద్దున మొదటిది నేనే. నోరు జారాను. ఇప్పుడు రెండింటిదాకా కాపలా." బిస్కెట్ల పొట్లం ఇటు చాపింది. "మీరేం జారారు?"

తల్లి తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. "మాత్రలు వేసుకున్నానని చెప్పేశాను."

అవతలామె చెయ్యి బిస్కెట్ల మీద ఆగిపోయింది. ఆమె చూపులో ఉన్నది జాలి అనుకుని ఈమె కళ్ళు తుడుచుకోబోయింది. అది జాలి కాదు.

"అదృష్టవంతులండీ."

"ఏంటి?"

"నాకు రెండో గుంపు వచ్చింది. మరీ పెరిగితేనే ఇస్తామన్నారు. పెరిగింది. ఒక్కసారిగా పెరిగింది. ఇచ్చారు గానీ, అప్పటికే ఏడో నెలలో దీన్ని తియ్యాల్సొచ్చింది. ఇరవై రెండు రోజులు గాజుపెట్టెలో ఉంది. ఇంతుండేది." చేత్తో మూరెడు కంటే తక్కువ కొలత చూపించింది. "ఇప్పటికీ బంతి విసిరితే పట్టుకోలేదు. మొదట్నుంచీ మాత్రలు వేసుకునుంటే ఇలా అయ్యేది కాదేమోనని ఐదేళ్ళుగా ఏడుస్తున్నాను. అదే ఆవిడతో అనేశాను. నాకెందుకు ఇవ్వలేదమ్మా ఆ మాత్రలు అని."

తల్లి రెండో మంచం అంచు మీద కూర్చుంది. ఐదేళ్ళుగా తను ఆ రెండో గుంపు తల్లులని తలుచుకుని కుళ్ళుకుంది. ఎంత హాయిగా, ఏ మందూ మాకూ లేకుండా, చురుకైన పిల్లల్ని కని ఉంటారోనని! ఆ గుంపు ఇదిగో, ఎదురుగా కూర్చుని తనని చూసి కుళ్ళుకుంటోంది.

"మా పిల్ల మూడేళ్ళదాకా మాట్లాడలేదండీ," అంది చివరికి, కాస్త పౌరుషంగా.

"మాది ఏడాదికే మొదలెట్టింది. ఐతే ఏం? బంతి పట్టుకోదు."

"మాది బంతి పడుతుంది. కుర్చీ కాలు చూడలేదు."

"కుర్చీ కాలు మాదీ చూడలేదు! దిండు లేదంది!"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. అవతలామెకి ముందు నవ్వొచ్చింది. ఈమెకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. నర్సు తలుపులోంచి తల పెట్టి కసిరింది. "గుంపుల మాట ఎత్తొద్దని చెప్పారా, లేదా? ఇప్పుడు రెండో మేడమ్ చెవిలో కూడా పడితే ఇంక ఈ ఆసుపత్రిలో పరీక్ష చేసేవాళ్ళు మిగలరు, నేనే చెయ్యాలి!"

పావుగంట తరవాత మళ్ళీ చూస్తే నూట యాభై ఆరు, నూట ఒకటి. పెద్ద డాక్టరమ్మ వచ్చింది. కళ్ళ కింద నలుపు, చేతిలో సగం తాగిన కాఫీ. నర్సు అప్పటికే చేయించిన మూత్ర పరీక్ష కాగితం చూసి, అది బాగానే ఉంది గనక బతికిపోయారంది. తరవాత స్టూలు లాక్కుని కూర్చుంది.

"మాత్రలు ఎందుకు మానేశారు?"

"నా పిల్లకి ఇవాళ పరీక్ష చేశారు కదండీ. మాత్రల వల్ల దాని బుర్రకి ఏమైనా అయిందో లేదో చెప్పండి. చెప్తే ఇప్పుడే మింగుతాను."

"చెప్పలేను."

"ఇంకా పూర్తికాలేదనా?"

"పూర్తయినా చెప్పలేను. ఒక్క పిల్లని చూసి అది మాత్ర వల్లో, పుట్టుకతో వచ్చిందో, వాళ్ళ నాన్న పోలికో ఎవరూ చెప్పలేరు."

"వాళ్ళ నాన్న నాలుగేళ్ళకి మాట్లాడాడు," గుమ్మం దగ్గరనుంచి అత్తగారి గొంతు వినిపించింది. ఎప్పుడొచ్చిందో, మనవరాలి చెయ్యి పట్టుకుని నిలబడుంది. "అదీ చెప్పలేదు. ఎవరడిగారని?"

కోడలు ఆవిడ వైపు ఒక్క చూపు చూసింది. ఐదేళ్ళు! ఆ ఒక్క మాటతో ఎంత ఏడుపు తప్పేది! కానీ ఇప్పుడు దానితో పోట్లాడే ఓపిక లేదు. డాక్టరమ్మ మీదికి తిరిగింది.

"వందల మందిని కూర్చోబెట్టి, ఐదేళ్ళు ఆగి, లెక్కలేసి, నా ఒక్కదాని సంగతి చెప్పలేకపోతే ఇదంతా ఎందుకండీ?"

"వందల మందిని కూర్చోబెట్టేది అందుకే. ఆలస్యంగా మాట్లాడిన పిల్లలు రెండు గుంపుల్లోనూ ఉంటారు. ఒక గుంపులో మరీ ఎక్కువుంటే అప్పుడు మాత్రని అనుమానించాలి."

ఆ మాట ఆమెకి అర్థమైంది. దుకాణంలో ఒక చొక్కా ఉతికాక కురచైతే తప్పు గుడ్డదో, కత్తెరదో, ఉతికినవాళ్ళదో ఎవరూ తేల్చలేరు. ఒకే తాను గుడ్డతో కుట్టిన వంద చొక్కాలూ కురచైతే గుడ్డని పట్టుకుంటారు. ఇది తనకి ముందే తెలిసిన సంగతి కావడం ఆమెకి మరీ ఒళ్ళు మండించింది.

"మరి ఉందా ఎక్కువ?"

"మా లెక్క ఇంకా పూర్తికాలేదు. వేరేచోట్ల ఇలాగే చూసినవాళ్ళకి ఇంతవరకూ మాత్రల గుంపు పిల్లలు వెనకబడ్డట్టు కనబడలేదు."

"ఒట్టేసి చెప్పండి."

"ఒట్టెయ్యను."

"చూశారా! అనుమానం ఉందన్నమాట!"

డాక్టరమ్మ కాఫీ కప్పు కిటికీ గట్టు మీద పెట్టి రెండు చేతులతోనూ మొహం రుద్దుకుంది. "అమ్మా, ఒట్టెయ్యడం నా పని కాదు. వేసినా మీరు నమ్మరు. నమ్ముతారా?"

ఆమె ఆలోచించింది. "నమ్మను."

"మరి! నాకు తెలిసింది చెప్తాను, వినండి. మాత్ర వల్ల పిల్ల వెనకబడుతుందని ఎవరూ చూపించలేదు. బీపీని గాలికొదిలేస్తే ఏమవుతుందో నేను వారానికి ఒకసారైనా నా కళ్ళతో చూస్తున్నాను. తల్లికి ఫిట్స్ రావచ్చు. లోపల బిడ్డకి అందాల్సింది అందకపోవచ్చు. నెలలు నిండకుండా తియ్యాల్సి రావచ్చు. అలా పుట్టిన పిల్లల బుర్రకే అసలు దిగులు. మీకు భయపడటం బాగా వచ్చు. సరే, భయపడండి. వరస చూసుకుని భయపడండి. ముందు దేనికి భయపడాలో దానికి ముందు."

అవతలి మంచం మీదామె కింద కూర్చున్న తన పాప తల మీద చెయ్యి వేసి, జుట్టు ఒకసారి నిమిరింది.

తల్లి ఆ చెయ్యి వైపు చూస్తూ ఉండిపోయింది. భయాలకి వరస ఉంటుందని ఆమెకి ఎప్పుడూ తోచలేదు. అన్నీ ఒకేసారి గుమ్మంలోకి తోసుకొచ్చేవి, దేన్నీ ముందు కూర్చోబెట్టేది కాదు. ఇన్నాళ్ళూ కడుపులో బిడ్డ బుర్ర కోసమని మాత్ర పారబోసింది. ఆ పారబోతే ఇప్పుడు ఆ బుర్ర మీదికి రావచ్చట. పైగా తన ప్రాణం మీదికి కూడా. వేసుకుంటే ఒక నింద, వేసుకోకపోతే ఒక నింద. ఎటు తిరిగినా తనని వదలని నింద తప్పించుకోడానికి ఇరవై ఒక్క రోజులు బేసిన్ దగ్గర నిలబడింది. ఎవరి మీద చూపించాలో తెలియని కోపం ఒకటి ఆమె కాళ్ళలోంచి పైకి పాకింది. ఇస్త్రీ అక్క మీద, కంప్యూటరు మీద, నోరు విప్పని అత్తగారి మీద, ఒట్టెయ్యని డాక్టరు మీద. అన్నిటికంటే, ఆరేళ్ళ కిందట వేళ తప్పకుండా మింగి, అదే పాపమని నమ్మిన తన మీద.

"ఇవ్వండి," అంది చెయ్యి చాపి, అప్పు వసూలుకి వచ్చినట్టుగా.

నర్సు మాత్రా, గ్లాసుతో నీళ్ళూ ఇచ్చింది.

"ఈ నీళ్ళు కాచినవేనా?"

"కాచినవే."

"ఎప్పుడు?"

"అమ్మాయ్!" అంది అత్తగారు.

ఆమె మింగింది. గొంతులో అడ్డం పడ్డట్టనిపించి ఇంకో గుక్క తాగింది. అత్తగారు మనవరాలి చెయ్యి వదిలి దగ్గరికొచ్చింది. "నోరు తెరు."

"అత్తయ్యా, అందరూ చూస్తున్నారు."

"చూడనీ. తెరు. నాలుకెత్తు. ఇటు పక్క. బుగ్గ లాగు." గడ్డం పట్టుకుని కిటికీ వెలుతురు వైపు తిప్పి, కళ్ళజోడు కిందనుంచి, పైనుంచి, రెండు విధాలా చూసింది. చూశాక కూడా గడ్డం వదల్లేదు. "ఇంక రోజూ ఇంతే. కాన్పయ్యేదాకా. రెండు పూటలా నీ నోరు నేను చూడాల్సిందే. ఖర్మ, ఎవరి నోరు ఎవరు చూస్తారో!"

వరండాలో ఎవరో కొత్తావిడ గబగబా నడిచొస్తున్న చెప్పుల చప్పుడు. నర్సు ఎదురెళ్ళి, ఎవరితోనూ ఏమీ మాట్లాడకుండా తిన్నగా గదిలోకి రమ్మని గట్టిగా చెప్పడం వినబడింది. మౌనమ్మ ఎవరూ పిలవకముందే బయటికి పరిగెత్తింది.

తల్లి లేవబోయింది. డాక్టరమ్మ కూర్చోమన్నట్టు చేత్తో సైగ చేసి, కాఫీ కప్పు అందుకుని లేచింది. "మీరు ఆ గదిలోకి వెళ్ళరు. ఇక్కడే ఉంటారు. ఎల్లుండి మళ్ళీ వచ్చి బీపీ చూపించుకోండి."

"అలాగేనండి." ఆవిడ గుమ్మం చేరగానే పిలిచింది. "డాక్టరమ్మగారూ, ఒకవేళ ఈ మాత్రకి బీపీ మరీ కిందికి పడిపోతే?"

డాక్టరమ్మ గుమ్మంలో ఆగింది. వెనక్కి తిరగలేదు. "తల తిరుగుతుంది. తిరిగితే కూర్చోండి, మాకు ఫోను చెయ్యండి."

"చేస్తే మీరు ఎత్తకపోతే?"

"ఎత్తుతుంది, ఎత్తుతుంది," అంది అత్తగారు, మంచం మీద కోడలి పక్కన బరువుగా కూలబడుతూ. "ఎత్తకపోతే నేనెందుకున్నాను? కాస్త జరుగు. నా నడుం పోయింది."

ఆమె జరిగింది.